తెర మీద తెల్లవారినప్పుడు

సినిమా ఎలా ఉందో తెలుసుకోవాలంటే థియేటర్ గేటు దగ్గర నిలబడి లాభం లేదు. పత్రికలో ఇన్నేళ్ల ఉద్యోగం నాకు నేర్పిన చిన్న చిన్న సంగతుల్లో ఇదొకటి. గేటు దగ్గర మైకు కనిపిస్తే అందరూ ఒకటే కేక వేస్తారు, చేతులు ఊపుతారు, యూట్యూబు చానెళ్ల కుర్రాళ్ల కెమెరాల్లో పడాలని ముందుకు తోసుకొస్తారు. అసలు మాట బండ్ల స్టాండులో వినపడుతుంది. తాళం చెవి కోసం జేబులు తడుముకుంటూ, పిల్లను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటూ, అడ్డంగా పెట్టిన పక్కవాడి బండిని తిట్టుకుంటూ మనుషులు ఇంటివాళ్లతో అనుకునే మాటల్లో అబద్ధం తక్కువ. నేను అక్కడే నిలబడతాను. సినిమా మాత్రం ముందు చూడను. చూస్తే వాళ్ల మాట వినడం మానేసి వాదనకు దిగుతానని నాకు తెలుసు.

ఆ వేసవిలో మా డెస్కు వాళ్లు అడిగింది కూడా అదే. పిల్లల పుస్తకాల నుంచి తీసిన ఒక మాయల సినిమా విడుదలైంది, జిల్లాలో జనం ఏమనుకుంటున్నారో మూడు చోట్ల తిరిగి రాసి పంపమన్నారు. బందరు, గుడివాడ, దివిసీమ.

ఆ సినిమాకి ఆధారం మూడు చిన్న పుస్తకాలు. పెద్ద అక్షరాలు, మధ్యమధ్యలో నలుపు తెలుపు బొమ్మలు. బళ్ల లైబ్రరీల్లో అట్టలు ఊడిపోయి, చాలా చేతులు మారినట్టు కనిపించేవి. కథ చెప్పడం తేలిక. ఒక అక్క, ఒక తమ్ముడు. వాళ్ల ఊరి వంతెన కింద గోడలో ఒక తలుపు ఉంటుంది. తలుపు అవతల ఎప్పటికీ తెల్లవారని దేశం. అక్కడొక ముసలి మంత్రగత్తె కూర్చుని ఆకాశానికి నల్లటి బొంత కుడుతూ ఉంటుంది. ఎక్కడన్నా చిరుగు పడి వెలుతురు తొంగిచూస్తే వెంటనే అతుకు వేసేస్తుంది. తమ్ముడు ఆ చీకట్లో తప్పిపోతాడు. అక్క వెతుక్కుంటూ వెళ్తుంది. ఆ బొంతలో దారం కొస ఎక్కడుందో పట్టుకుని లాగితే తప్ప ఆ దేశంలో పొద్దు పొడవదు.

బందరులో మ్యాట్నీ వదిలేసరికి నేను స్టాండులో ఒక చెట్టునీడ చూసుకుని నిలబడ్డాను. మొదట వచ్చినాయన నాకు కోర్టు ఆవరణలో ముఖపరిచయం ఉన్న వకీలు. ఏమండీ ఎలా ఉంది అంటే, బండి స్టాండు తీస్తూ చెప్పారు.

"గ్రాఫిక్సుకేం వంక లేదండి. కాకపోతే ఆ మంత్రగత్తె మీద కేసు నిలబడదు. ఆకాశం ఎవరి పేరున ఉంది? పట్టా ఎక్కడుంది? ఆవిడ గుడ్డ ఆవిడ కుట్టుకుంటోంది."

వెనకాల ఎక్కుతున్న ఆయన భార్య నవ్వలేదు. "కోర్టుని ఇంటికి తేవద్దంటే సినిమాకి తెస్తారు ఈయన. పోనివ్వండి" అంది.

ఆ తర్వాత ఒక డిగ్రీ విద్యార్థిని, వాళ్ల నాన్న. ఆ అమ్మాయి కోపంగా ఉంది. నేను అడగకముందే అందుకుంది.

"పుస్తకంలో తెల్లారదండీ! అక్క దారం లాగుతుంది, కథ అయిపోతుంది. తెల్లారిందో లేదో మనమే అనుకోవాలి. ఎనిమిదో తరగతిలో చదివాను, ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నా. వీళ్లొచ్చి సూర్యుణ్ణి పెట్టేశారు."

"రెండున్నర గంటలు చీకట్లో కూర్చోబెట్టారమ్మా. ఆ మాత్రం తెల్లారకపోతే జనం ఊరుకుంటారా?" అన్నాడు తండ్రి.

"నువ్వు ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయావు నాన్నా."

"అందుకే చెప్తున్నా. తెల్లారింది కాబట్టే మెలకువొచ్చింది."

మర్నాడు గుడివాడలో మాటలు వేరే రకం. ఇంటర్వెల్ దాకా హీరో రాలేదని ఓర్చుకున్న ఒక కుర్రాడు, అసలు హీరోయే లేడని తెలిసి చాలా బాధపడ్డాడు. ఒక తల్లి, మంత్రగత్తె కనిపించినప్పుడల్లా తన కూతురు చీరకొంగు నెత్తిన కప్పుకుందనీ, ఇప్పుడేమో రేపు మళ్లీ వెళ్దామంటోందనీ చెప్పింది. సోడా కొట్టు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడకు మాత్రం ఒకటే అనుమానం. "అంత నల్లగుడ్డ ఎక్కణ్ణించి వచ్చిందయ్యా దానికి? ఏదేమైనా కుట్టు మాత్రం సన్నగా కుట్టింది" అంది, ఆ పనితనం తెలిసిన మనిషిలా.

ఇన్ని రకాల మాటల్లో నాకు ఒకటి వింతగా అనిపించింది. పాటలు ఎక్కువన్నవాళ్లూ, పుస్తకాన్ని పాడుచేశారన్నవాళ్లూ, పిల్లలు భయపడ్డారన్నవాళ్లూ అన్నీ అయ్యాక ఒకచోటికి వచ్చి ఆగేవాళ్లు. "కాకపోతే ఆ తెల్లారే సీనుంది చూశారూ..." అనేవాళ్లు. వాక్యం అక్కడ ఆపేసి బండి స్టార్టు చేసేవాళ్లు. ఎవరూ పూర్తి చేయలేదు. కాగితం మీద చుక్కలు పెట్టుకుని ఇంటికొచ్చాను.

దివిసీమకు మాత్రం నేను ఊరికే వెళ్లలేదు. మా ఆఫీసులో పేజీలు పెట్టే కుర్రాడిది కోడూరు దారిలో ఒక పల్లె. నేను గుడివాడ కబుర్లు టైపు చేస్తుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు.

"రేపు అవనిగడ్డ వెళ్తారంట గదా సార్. మ్యాట్నీకి వెళ్లండి. మావాళ్లు వస్తున్నారు."

"మీవాళ్లంటే?"

"మా నాన్న, మా ఆవిడ, సండే స్కూలు పిల్లలందరూ. ఈ సినిమా దెబ్బకి మా ఆవిడ సండే స్కూలు పోయేట్టుంది సార్."

అప్పుడు చెప్పాడు. అతని భార్య అవనిగడ్డలో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆదివారాలు తమ పల్లె చర్చిలో పిల్లలకు సండే స్కూలు నడుపుతుంది. బైబిలు పాఠం చెప్పి, వాక్యాలు కంఠస్థం పట్టించి, మిగిలిన సమయంలో ఈ పుస్తకాల్లోంచి కొన్ని పేజీలు చదివి వినిపించేది. ఆ పేజీల కోసం పిల్లలు పెందలాడే వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాళ్లు. అంతవరకూ బాగానే ఉంది. ఒకరోజు చర్చి సంఘంలో ఒక పెద్దావిడ తన మనవడి కోసం వెతుక్కుంటూ వెళ్తే వాడు కాలవ వంతెన కింద, మోకాలి లోతు నీళ్లలో నిలబడి రాతిగోడను రెండు చేతులతో తడుముతున్నాడట. ఏం చేస్తున్నావురా అంటే తలుపు వెతుకుతున్నానన్నాడట. ఆవిడ నేరుగా పాస్టరు గారింటికి వెళ్లింది. ఆవిడ మాట్లాడాక, మంత్రగత్తె కథలు మందిరంలో ఏంటని ఇంకొందరు అందుకున్నారు. రాబోయే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని తేల్చాలన్నారు. తేల్చవలసింది సంఘపెద్ద. సంఘపెద్ద ఈ కుర్రాడి తండ్రే.

"మరి మీ నాన్నగారేమన్నారు?"

"చూడకుండా చెప్పనన్నారు సార్. పిల్లలు కూడా రావాలన్నారు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు. ఆవిడ అన్నం పెడుతుంది, ఆయన తింటారు. నేనేమో ఇక్కడ డ్యూటీ."

ఆ సంఘపెద్ద ఆర్టీసీలో డ్రైవరుగా చేసి విరమించినాయన. శనివారం మధ్యాహ్నం అవనిగడ్డ థియేటర్ ముందు, ఇస్త్రీ చొక్కాతో, పిల్లలను రెండు వరసల్లో నిలబెట్టుకుని కనిపించారు. కోడలు వరస చివర నిలబడింది. ముప్ఫై దాటని మనిషి, మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా అలాగే ఉంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది.

"వందనాలండి" అన్నారాయన. "మీరు పేపరాయన గదా. మావాడు చెప్పాడు. సినిమా మంచిదేనా?"

"నేనింకా చూడలేదండి."

"మరి రాశారంట?"

"జనం ఏమన్నారో రాశాను."

"బాగుంది. బస్సెక్కకుండా టిక్కెట్టు కొట్టినట్టు" అని లోపలికి నడిచారు.

కోడలు నాతో మెల్లగా అంది: "ఆయన ఏం చెప్తే అదే అవుద్దండి. సంఘంలో ఎవరూ ఎదురు చెప్పరు. వారమంతా కిటికీలోంచి మందులిచ్చి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చెప్పడమే నా పని. ఎదురుగా మొహాలు కూడా సరిగ్గా కనపడవు. ఆదివారం ఆ పిల్లలు నోళ్లు తెరుచుకుని నా వైపే చూస్తారు చూడండి, దానికోసమే మిగతా వారమంతా గడిచిద్ది. అది తీసేస్తే నాకింక ఏముందండి?" తర్వాత వరస తప్పిన ఒక పిల్లను ముందుకు నెట్టింది. "కానీ ఈ సినిమా పుస్తకానికి తగ్గట్టు ఉంటదో ఉండదో నాకు నమ్మకం లేదు."

నా అలవాటు పక్కనపెట్టి నేనూ టిక్కెట్టు కొన్నాను. లోపల ఆయన నడవ పక్క సీట్లో కూర్చున్నారు. కూర్చోవడం తెర వైపు కాదు, పక్కకి తిరిగి, పిల్లల వైపు. నేను వెనక వరస చివర, పిల్లల మొహాలు పక్కనుంచి కనపడేచోట ఉన్నాను. సినిమా మొదలైంది, దీపాలు ఆరాయి, ఆయన అలాగే ఉన్నారు. వంగి, తెర అటుందండీ అన్నాను.

"తెలుసండి. బస్సు నడిపినన్నాళ్లూ రోడ్డు సంగతి అద్దంలోనే తెలిసేది నాకు. వెనక జనం మొహాలు బాగుంటే రోడ్డు బాగున్నట్టే. అదేంటో వీళ్ల మొహాల్లో చూస్తా."

అలా చాలాసేపు ఆయన సినిమాను పిల్లల మొహాల్లోనే చూశారు. మంత్రగత్తె సూదికి దారం ఎక్కిస్తుంటే పిల్లల కళ్లు చిన్నవయ్యాయి. నల్లటి పక్షులు వరసగా ఎగిరితే నోళ్లు తెరుచుకున్నాయి. ఆ వెలుగునీడలు ఆయన నుదుటి మీద కూడా ఆడాయి. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగినప్పుడు తన తీర్పులో సగం చెప్పారు. "మంత్రగత్తె ఇంతవరకూ ఏ పాపమూ చెయ్యలా. దాని మానాన అది కుట్టుకుంటంది."

కోడలు పెదవి విరిచింది. "ఈ పాటలేంటో, ఈ కోతేంటో. పుస్తకంలో కోతి లేదు" అంది, ఎవరితోనో అన్నట్టు.

తర్వాతి భాగం చాలావరకు చీకటే. నా వయసు కళ్లకు తెర మీద ఏముందో పోల్చుకోవడమే కష్టమైంది. అక్క ఆ చీకట్లో బొంత అంచు వెంట నడుస్తూ, చేత్తో కుట్లు తడుముకుంటూ పోతుంది. సంగీతం ఆపేశారు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు తప్ప ఏమీ లేదు. అక్క వేళ్లకు ఒక కొస తగులుతుంది. లాగుతుంది. ఏమీ అవదు. ఇంకా లాగుతుంది. తెరకు బాగా కింద, ఒక మూల, వెంట్రుకంత సన్నటి గీత మెరిసింది. మొదట అది తెర మీద చిరుగేమో అనుకున్నాను. గీత మెల్లగా పక్కకు పాకింది. బూడిద రంగు అయింది, తర్వాత గులాబి, తర్వాత పేరు పెట్టలేని రంగు. బొంత కుట్టు తర్వాత కుట్టుగా ఊడిపోతూ తూర్పు అంతా తెరుచుకుంది. అప్పుడు మొదలైంది పాట. మాటల్లేవు. ముందు ఒక గొంతు, తర్వాత చాలా గొంతులు. సూర్యుడి అంచు కనపడింది.

నా ముందు వరసలో పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

ఒకరిని చూసి ఒకరు లేచినట్టు కాదు. అందరూ ఒక్కసారిగా లేచారు. చేతులు పక్కకు వదిలి, తల ఎత్తి, తెర వైపు చూస్తూ.

వెనకనుంచి అరుపులు. "ఏయ్, కూర్చోండర్రా!" "జాతీయ గీతమా ఏంటి?" "ఎవడి పిల్లలయ్యా వీళ్లు!"

పిల్లలకు వినపడలేదు. వాళ్లు ఎందుకు లేచారో కోడలు తర్వాత చెప్పేదాకా నాకు తెలియదు. ఈస్టరు రోజు ఆ పల్లె వాళ్లు పెందలాడే సమాధుల తోటకు వెళ్లి, అక్కణ్ణుంచి పాడుకుంటూ కరకట్ట ఎక్కుతారు. అక్కడ చీకట్లో తూర్పుకు తిరిగి కూర్చుని ఎదురుచూస్తారు. సూర్యుడి అంచు కనిపించగానే లేచి నిలబడి పాడతారు. లెమ్మని ఎవరూ చెప్పరు. ఎత్తుకున్న పిల్లల దగ్గర్నుంచి కర్ర పట్టుకున్న ముసలివాళ్ల దాకా లేస్తారు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లలకు అంత చీకటి తర్వాత సూర్యుడూ పాటా కలిసి వచ్చాయంటే కూర్చుని ఉండటం తెలియదు.

పెద్దాయన మాత్రం అరుపులు విన్నారు. పిల్లలను కూర్చోబెట్టడానికే లేవబోయారు. చెయ్యి ఎత్తారు కూడా. వాళ్ల మొహాలు చూశారు. ఆ మొహాల మీద ఎర్రటి వెలుతురు పడుతోంది. అప్పుడు, మొదటిసారిగా, తల తిప్పి తెర చూశారు. ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి వచ్చింది. ఆయనా నిలబడిపోయారు.

"పెద్దాయన కూడా లేచాడేంట్రా!" అని ఎవరో నవ్వారు. చంటిపిల్లతో ఉన్న ఒకావిడ లేచింది. ఆవిడ అడ్డమొచ్చిందని వెనకవాళ్లు లేచారు. వాళ్లు అడ్డమొచ్చారని ఇంకా వెనకవాళ్లు. చూస్తుండగానే హాలంతా నిలబడి ఉంది. ఎవరు పాటకు లేచారు, ఎవరు మెడలు సాచడానికి లేచారు అని వార్త రాసేవాడిగా విడదీసి చెప్పలేను. అరుపులు మాత్రం ఆగిపోయాయి. ఒక తెల్లటి గుడ్డ, ఒక దీపం, కాస్త చప్పుడు. అవి తప్ప అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా కూర్చోలేకపోయాను. నేనెప్పుడు లేచానో గుర్తు లేదు. ముందు సీటు వీపు పట్టుకుని నిలబడి ఉన్నాను. బందరులో, గుడివాడలో అందరూ సగంలో వదిలేసిన వాక్యం ఏమిటో అప్పుడు తెలిసింది. పూర్తి చేయడం నా వల్లా కాలేదు.

బయట స్టాండులో అలవాటుగా నిలబడ్డాను. "ఆ పిల్లలు లేచేటప్పటికి నాకు ఏడుపొచ్చేసింది వదినా" అంటోంది ఒకామె. "నాకు ఆఖరి సీనే కనపళ్లా, ఎదర పిల్లకాయలు లేచి చచ్చారు" అంటున్నాడు ఆ పక్కనే ఒకాయన, హెల్మెట్ పెట్టుకుంటూ. రెండూ రాసుకున్నాను.

వాళ్ల వ్యానులోనే నేనూ పల్లె దాకా వెళ్లాను. ఆ రాత్రికి తమ ఇంట్లో ఉండమని ఆయనే రమ్మన్నారు. రేపటి మాటలప్పుడు చూసినవాళ్లలో సంఘం బయటి మనిషి ఒకరుండాలన్నారు. పిల్లలు వెనకాల మంత్రగత్తెలా గొంతు మార్చి ఒకరినొకరు భయపెట్టుకుంటున్నారు. కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మావగారు చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగారు.

"నీకు నచ్చలేదామ్మా?"

అన్ని రోజుల తర్వాత ఆయనతో అది ఆమె మొదటి మాట అనుకుంటాను. "అది కథ కాదు మావయ్యగారూ. తెల్లారిపోతే ఇంక పిల్లలు అనుకోవడానికి ఏముంది?"

"తెల్లారకపోతే ఏముంది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఫస్టు సర్వీసు తీసేవాణ్ణి నేను. చీకట్లో జనాన్ని ఎక్కించుకుని పోతా ఉంటే, ఎక్కడో ఒకచోట తెల్లారిద్ది. అప్పటిదాకా ఎవరూ మాట్లాడరు బస్సులో. తెల్లారంగానే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని మాటలు మొదలెడతారు. తెల్లారని బస్సు ఎవరన్నా ఎక్కుతారా?"

"అసలు ఆ చీకట్లో కూర్చోడమే కథండీ."

"నువ్వు తిట్టే సినిమా నాకు నచ్చింది. నువ్వు చదివే పుస్తకం ఏంటో నాకు తెలవదు. ఇట్టా అయితే రేపు నేనేం చెప్పాలి?"

 ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చిలోనే చాపల మీద కూర్చున్నారు. నాకు వెనకాల ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పాస్టరు గారు కుర్రవాడు. చిన్న ప్రార్థన చేసి మాట సంఘపెద్దకు అప్పగించేసి హాయిగా గోడకు ఆనుకున్నారు. ముందుగా లేచినాయన, మంత్రగాళ్ల గురించి లేఖనాల్లో ఎంత కఠినంగా ఉందో చెప్పాడు. తన పిల్లలను ఇక పంపనని కూడా చెప్పాడు. గట్టిగానే చెప్పాడు గాని, అందరి చూపూ ఆయన మీద లేదు. మనవణ్ణి వంతెన కింద చూసిన పెద్దావిడ మీద ఉంది. ఆవిడ లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

"మంత్రాల సంగతి నాకు తెలవదు అన్నయ్యగారూ. అయ్యి అయ్యగారు చూసుకుంటారు. మావోడు కాలవలోకి దిగుతున్నాడు. మొన్న మోకాలిదాకా ఉన్నయ్యి నీళ్లు. రేపు కాలవ నిండా వదుల్తారు. వాడి అమ్మానాన్నా పనికి పోయి ఉన్నారు, నా మీద వదిలేసి. వాడు నీళ్లలోకి పోతే ఈ కథ చదివినావిడ తెచ్చిద్దా?"

కోడలు తల దించుకుంది. చర్చి బయట, కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలు వింటున్నారు. వాళ్లలో ఆ మనవడు ఎవరో నేను పోల్చుకోలేకపోయాను.

పెద్దాయన లేచారు. "నేను సినిమా చూశాను. పాటలు మరీ ఎక్కువ. ఆ మంత్రగత్తె ఆఖరికి ఏమైందో చెప్పలా, అది నాకు నచ్చలా. మన పిల్లలు తెల్లారే సీనప్పుడు లేచి నిలబడ్డారు. ఎవరూ లెమ్మనలా. నేనూ లేచాను. మందిరం బయట నేనట్టా లేచింది ఎప్పుడూ లేదు. చూసింది చెప్తన్నా, అంతే."

"సినిమా సంగతి కాదు గదండీ. మందిరంలో చదివేది పుస్తకం" అన్నాడు లేఖనాలు చెప్పినాయన.

అది న్యాయమైన మాటే. "అవును. అది నేను చదవలా" అన్నారు పెద్దాయన. కోడలి వైపు తిరిగారు. "ఆఖరి పుస్తకం తీసుకురామ్మా. ఆఖరి పేజీలు చదువు. అందరం వింటాం."

ఆమె పుస్తకం తెచ్చింది. ప్రతి ఆదివారం నిలబడే చోటే నిలబడింది. మొదట ఆమె గొంతు ఆసుపత్రి కిటికీ వెనక గొంతులాగే ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండు మూడు వాక్యాలు పోయాక మారింది. ఆమె చదువుతున్నది నిన్న నేను తెర మీద చూసిన చోటే. కానీ ఇక్కడ బొంత ఊడలేదు. అక్క దారం లాగుతూనే ఉంది. లాగిన దారం కాళ్ల దగ్గర కుప్ప పడుతోంది, చీకటి అలాగే ఉంది. అలసిపోయి ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చెయ్యి ఊరికే చీకట్లోకి చాపింది. ఆ చేతికి ఇంకో చెయ్యి తగిలింది. చల్లగా, చిన్నగా, తడిగా. ఎవరని అక్క అడగలేదు. అడిగితే ఎక్కడ పోతుందోనని. ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. తూర్పు ఇటే ఉండాలి అనుకున్న వైపు తిరిగి కూర్చుంది. పుస్తకం అక్కడితో అయిపోయింది.

ఆమె చదువుతున్నంతసేపూ కిటికీ ఊచల అవతల పిల్లల పెదవులు కదులుతూనే ఉన్నాయి. చివరి వాక్యం ఆమె కన్నా ముందే వాళ్లు పూర్తిచేశారు, చప్పుడు లేకుండా. ఎర్రటి సూర్యుడు లేడు, అన్ని గొంతుల పాట లేదు. ఒక ఫార్మసిస్టు గొంతు, తిరిగే ఫ్యాను. అయినా నిన్న హాల్లో పడ్డ నిశ్శబ్దమే ఆ రేకుల చర్చిలోనూ పడింది. పుస్తకం కోసం అలిగిన బందరు అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె కోపం నాకప్పుడు సరిగ్గా అర్థమైంది.

ముందుగా మాట్లాడింది ఆ పెద్దావిడే.

"వాడేనా?"

"ఎవరు పిన్నిగారూ?"

"ఆ చెయ్యి. తమ్ముడిదేనా?"

"పుస్తకంలో రాయలేదండి."

"పుస్తకంలో సంగతి కాదు. నువ్వేమనుకుంటన్నావు?"

"వాడిదే" అంది ఆమె.

"వదిలిందా?"

"వదల్లేదు పిన్నిగారూ. అయిపోయేదాకా వదల్లేదు."

పెద్దావిడ చాప అల్లికను వేలితో సర్దింది. "అయితే అదే చెప్పు వాళ్లకి. అసలు ముక్క అదే గదా. తలుపూ గిలుపూ తర్వాత. ఒక్కళ్లూ వంతెన కిందికి దిగొద్దని చెప్పు. అక్క లేకపోబట్టే వాడు తప్పిపోయాడని చెప్పు. నేను చెప్తే వినట్లా, నువ్వు చెప్తే వింటాడు."

"చెప్తానండి. ఇప్పుడే చెప్తాను."

"చదువుకోనీ అన్నయ్యగారూ" అంది ఆవిడ సంఘపెద్దతో. "నేనూ వచ్చి కూర్చుంటా. ఏం చెప్తందో వింటా."

పెద్దాయన అందరి వైపూ ఒకసారి చూశారు. లేఖనాలు చెప్పినాయన తన పిల్లల చెప్పులు వెతకడానికి బయటికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు తలలు ఊపారు. "అయితే సరే" అన్నారాయన. కోడలు పుస్తకం గుండెకు ఆనించుకుని పిల్లల దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్లింది.

నేను మెట్ల మీద బూట్లు వేసుకుంటుంటే ఆ పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది.

"మీరు సినిమా చూశారంట గదా బాబూ. అందులో తెల్లారిద్దంటగా?"

"తెల్లారుతుందండి."

"వాడు బయటికొస్తాడా?"

"వస్తాడండి. ఇద్దరూ వస్తారు. ఎండలో నడుచుకుంటూ వస్తారు."

"అయితే సినిమా కూడా మంచిదే" అంది. పిల్లల గుంపులోంచి ఒకణ్ణి మణికట్టు పట్టుకుని బయటికి లాగింది. వాడు గింజుకుంటున్నా వదలకుండా, కాలవ గట్టు మీదుగా ఇంటివైపు నడిచింది.